మాత్ర ఎందుకు వద్దన్నారో కనుక్కోవడం: సిమ్యులేషన్ గది నుంచి వార్డు దాకా

నర్సింగ్ స్టూడెంట్లకు వ్యక్తి కేంద్రిత సంరక్షణ నేర్పేటప్పుడు పాఠం చాలా చోట్ల మాటతీరు దగ్గరే ఆగిపోతుంది. నవ్వుతూ పలకరించాలి, కళ్లలోకి చూసి మాట్లాడాలి, పేరు పెట్టి పిలవాలి. ఇవన్నీ కావాల్సినవే. అయితే ఇవన్నీ చక్కగా చేస్తూనే, పేషెంటు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కేర్ ప్లాన్‌లోకి ఎక్కకుండా డ్యూటీ దిగిపోవచ్చు. అందుకే శిక్షణకు మేం పెట్టుకున్న కొలత వేరు. పేషెంటు చెప్పినదాని వల్ల ఆ రోజు చేసే పనిలో ఏం మారింది? మందు వేళో, స్నానం చేయించే తీరో, మంచం పక్కన వస్తువులు పెట్టే చోటో, ఏదో ఒకటి మారాలి. మార్చడానికి వీల్లేకపోతే, ఎందుకు వీల్లేదో ఆ మనిషికి తెలియాలి. సిమ్యులేషన్‌కు (వార్డు పరిస్థితిని గదిలో నటించి చేసే సాధన) సీనారియో, అంటే సన్నివేశం, రాసినా, అది అయ్యాక జరిగినదాన్ని చర్చించే డీబ్రీఫింగ్ చేసినా, వార్డులో పని అప్పగించినా, చివరికి పరీక్ష పెట్టినా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాం.

ఎక్కువగా వాడే సీనారియో ఒకటుంది, దాన్ని విడదీసి చెబితే మిగతాది సులభంగా అర్థమవుతుంది. 68 ఏళ్ల పెద్దాయన, హార్ట్ ఫెయిల్యూర్‌తో అడ్మిట్ అయి మూడో రోజు. ఉదయం 8 గంటలకు ఫ్యూరోసిమైడ్ (ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా పంపేసే మందు) 40 మిల్లీగ్రాముల మాత్ర వేయాలి. బీపీ 128/76, నాడి 88, శ్వాస నిమిషానికి 20, ఆక్సిజన్ సాచురేషన్ 95 శాతం. నిన్న బరువు 70.6 కిలోలు, ఇవాళ 71.4. స్టూడెంటు మాత్ర తీసుకెళ్తే ఆయన "ఇవాళ వద్దమ్మా" అంటాడు. అంతే. పైకి కనిపించే సమస్య ఇదే.

అసలు కారణం ఆయన దగ్గరే ఉంది. నిన్న 9 గంటలకు ఫిజియోథెరపిస్టు వచ్చి కారిడార్‌లో నడిపించారు. సగం దూరం వెళ్లాక ఆపుకోలేనంతగా మూత్రం వచ్చింది. టాయిలెట్ చేరేలోపే బట్టలు తడిసిపోయాయి, అదీ పదిమంది చూస్తుండగా. ఇవాళ కూడా నడక 9 గంటలకే. నోటి ద్వారా వేసిన ఫ్యూరోసిమైడ్ అరగంట నుంచి గంటలోపు పనిచేయడం మొదలుపెట్టి, గంట నుంచి రెండు గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. అంటే 8 గంటల మాత్ర, 9 గంటల నడక సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫార్మకాలజీ క్లాసులో ఈ అంకెలు అందరూ రాసుకున్నవే. ఇవి ఒక మనిషి సిగ్గుపడ్డ సంగతికి వచ్చి తగలాలంటే ముందు ఆ సంగతి ఆయన నోటి నుంచి రావాలి. ఈ సీనారియోను మేం ఎంచుకున్నది అందుకే. ఇందులో మనిషి మాట వినడం, మందు తెలిసి ఉండడం వేర్వేరు నైపుణ్యాలుగా విడిపోవు.

పేషెంటు పాత్రకు మనిషినే పెడతాం. 1963లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మామూలు వ్యక్తికి జబ్బు లక్షణాలు నేర్పించి వైద్య విద్యార్థుల ముందు కూర్చోబెట్టినప్పటి నుంచి నడుస్తున్న పద్ధతే ఇది. మానికిన్‌తో, అంటే శిక్షణకు వాడే మనిషి బొమ్మతో, సంభాషణ నేర్పడం కష్టం. స్పీకర్లోంచి వచ్చే గొంతు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, మొహంలో మార్పుండదు, దాంతో స్టూడెంట్ల చూపు మానిటర్ మీదికి పోతుంది. క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం), క్యాథటర్ (మూత్రం గొట్టం), గుండె ఆగడం లాంటివి ఉంటే మానికిన్ తప్పదు. రెండూ కావాలంటే మనిషి చేతికే ఇంజెక్షన్ ప్యాడ్ కట్టి దాని మీద ఐవీ లైన్ పెట్టొచ్చు. పేషెంటుగా అదే బ్యాచ్ క్లాస్‌మేట్‌ను మాత్రం పెట్టకూడదు. నవ్వు ఆపుకోలేరు, పైగా స్నేహం కొద్దీ అడగకముందే జవాబు అందించేస్తారు.

పాత్రధారికి ఇచ్చే కాగితంలో మాటలు మూడు పొరల్లో ఉంటాయి. మొదటిది అడగకపోయినా చెప్పేది: "ఇవాళ వద్దు, రేపు చూద్దాం." రెండోది, అవును-కాదులతో తేలని ప్రశ్న అడిగితే చెప్పేది: "నిన్న నడకకు వెళ్లినప్పుడు కాస్త ఇబ్బందయింది." మూడోది అసలు విషయం. అది చెప్పాలంటే రెండు షరతులు పెడతాం. స్టూడెంటు కూర్చుని గానీ, కర్టెన్ వేసి గానీ మాట్లాడాలి. రెండో మాట విన్నాక కనీసం ఐదు సెకన్లు ఊరుకోవాలి. ఐదు సెకన్లంటే చదవడానికి చిన్నదే, గదిలో మాత్రం చాలా పొడుగు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల కన్సల్టేషన్లు రికార్డు చేసి చూస్తే, పేషెంటు మొదలుపెట్టిన మాటకు డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డం పడుతున్నారని తేలింది. మా గదిలో స్టూడెంట్లు అడ్డం వచ్చేది ఎక్కువగా ఆదుర్దాతోనే. నిశ్శబ్దం వస్తే తమకేదో తెలియదని బయటపడుతుందన్న భయం.

పాత్రధారికి ఇంకో సూచన కూడా రాసి ఉంటుంది. ఏమీ చెప్పకముందే స్టూడెంటు "మీ బాధ నాకు అర్థమైంది సార్" అంటే, గొంతు పెంచకుండా "ఏం అర్థమైందమ్మా?" అని అడగాలి. బట్టీ పట్టిన సానుభూతి వాక్యాలకు ఇంతకన్నా మంచి మందు మాకు దొరకలేదు. ఒకసారి ఆ ప్రశ్న ఎదురైన బ్యాచ్ మళ్లీ ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా వాడదు.

పాత్రధారులకు రెండు విడతల శిక్షణ కావాలి, ఒక్కోటి దాదాపు రెండు గంటలు. మొదటి విడతలో జబ్బు గురించి, మనిషి గురించి, మూడు పొరల గురించి మాట్లాడుకుంటాం. రెండో విడతలో టీచర్లే స్టూడెంట్లుగా నటించి పరీక్షిస్తారు. ఒకే పాత్రను ముగ్గురు వేస్తుంటే ముగ్గురూ ఒకే షరతు దగ్గర నోరు విప్పాలి. జాలిగుండె ఉన్నవాళ్లు తొందరగా చెప్పేస్తారు, నటన ఇష్టపడేవాళ్లు చివరిదాకా బిగబట్టి ఏడుస్తారు. రెండూ పనికిరావు. పాత్ర ముగిశాక గౌను విప్పి, సొంత పేరు చెప్పుకుని, కాసేపు మామూలు మాటలు మాట్లాడాకే పాత్రధారిని డీబ్రీఫింగ్‌కు పిలుస్తాం. మరణం, నొప్పి, అవమానం ఉన్న పాత్రల్లో దీన్ని వదిలేస్తే ఆ బరువు ఇంటిదాకా వెళ్తుంది.

గది సర్దడం మీద శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే సగం పరీక్ష అక్కడే ఉంది. కుర్చీని మంచం పక్కన పెట్టం, మూలన పెడతాం. కాలింగ్ బెల్ తలగడ కింద ఉంటుంది. చేతికర్ర మంచానికి అవతలి వైపు గోడకు ఆనించి ఉంటుంది. యూరినల్ లాకర్ కింది అరలో ఉంటుంది. కాలి వాపును మనిషి నటించలేడు కాబట్టి చీలమండకు "వేలితో నొక్కితే గుంట పడుతోంది" అని రాసిన చిన్న కార్డు కడతాం. మాత్ర నకిలీదే, కానీ ప్యాకెట్, చేతి బ్యాండు, మందుల ఛార్టు అచ్చం వార్డులో ఉన్నట్టే ఉండాలి. స్టూడెంట్లు కుర్చీ లాక్కుని కూర్చుంటారా, చేతికర్రను చూస్తారా అన్నది ఎవరూ చెప్పకుండానే బయటపడుతుంది.

మొదలుపెట్టే ముందు 10 నుంచి 15 నిమిషాలు ప్రీబ్రీఫింగ్. ఏది నిజం, ఏది నిజమనుకోవాలి, ఏ వస్తువు ఎక్కడుంది, సహాయానికి ఏ ఫోన్ ఎత్తాలి, ఇక్కడ జరిగింది బయట మాట్లాడుకోకూడదు. ఇది మార్కుల కోసం కాదన్న మాట ఇక్కడే స్పష్టంగా చెప్పాలి, తర్వాత మాట తప్పకూడదు. ఆక్సిజన్ మాస్క్ ఎక్కడుందో తెలియక రెండు నిమిషాలు వెతికిన స్టూడెంటుకు పేషెంటు మొహం కనిపించదు. ఆ రోజు ఆమె నేర్చుకునేది భయం ఒక్కటే.

గ్రూపులో నలుగురైదుగురికి మించకూడదు. ఇద్దరు లోపలికి వెళ్తారు, మిగతావాళ్లు చూస్తారు. ఊరికే చూడమంటే ఫోన్లు చూస్తారు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో పని. ఒకరు పేషెంటు మొహాన్ని, చేతులనే చూడాలి, స్టూడెంట్ల వైపు కన్నెత్తకూడదు. ఒకరు అడిగిన ప్రతి ప్రశ్ననూ ఉన్నదున్నట్టు రాయాలి. మూడోవాళ్లు పేషెంటు మాట మొదలైనప్పటి నుంచి ఎవరైనా అడ్డం వచ్చేదాకా ఎన్ని సెకన్లో చూడాలి. సీనారియో నడిచేది 15 నిమిషాలు. డీబ్రీఫింగ్ దానికి కనీసం రెట్టింపు. సమయం సరిపోకపోతే సీనారియోనే కుదించాలి, డీబ్రీఫింగ్ జోలికి పోకూడదు.

మామూలుగా ఏం జరుగుతుంది? స్టూడెంటు మందు ఉపయోగం చెబుతుంది. మళ్లీ చెబుతుంది, ఈసారి కాస్త గట్టిగా. బరువు పెరిగింది, నీరు చేరుతోంది, ఊపిరాడదు అంటుంది. అవన్నీ నిజాలే. ఆయన కిటికీ వైపు తిరుగుతాడు. చివరికి ఛార్టులో "నిరాకరించారు, కౌన్సెలింగ్ చేశాం" అని పడుతుంది. చాలా వార్డుల్లో ఇది తప్పుగా లెక్కకే రాదు. మాకు ఇదే మొత్తం పాఠానికి మొదలు.

డీబ్రీఫింగ్‌లో ముందు ఐదు నిమిషాలు ఎలా అనిపించిందో మాట్లాడనిస్తాం. గుండె దడ తగ్గకుండా విశ్లేషణ లోపలికి వెళ్లదు. ఆ తర్వాత కంటపడినదాన్ని, దాని మీద మన ఆలోచననూ కలిపి పెట్టి ప్రశ్న అడగాలి. "మాత్ర ఉపయోగం మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆయనకు తెలియక వద్దంటున్నారని మీరు అనుకున్నట్టు నాకనిపించింది. ఆ సమయంలో మీ మనసులో ఏముంది?" దీనికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎనిమిదిన్నరలోగా మందులన్నీ అయిపోవాలి. అక్కడ అసలు చర్చ మొదలవుతుంది. ఆ ఒత్తిడి కల్పన కాదు, వార్డులో నిజంగానే ఉంటుంది. దాన్ని కొట్టిపారేసే టీచరు మాట స్టూడెంట్లు నమ్మరు. "ఎందుకు కూర్చోలేదు?" అని అడిగితే మాత్రం సంజాయిషీలే వస్తాయి. వీడియో చూపిస్తే అరనిమిషం, నిమిషం ముక్కలు రెండు మూడు చాలు. మొత్తం వేస్తే ఎవరి జుట్టు ఎలా ఉందో చూసుకుంటారు.

పాత్రధారి రెండే వాక్యాలు చెబుతారు, అదీ పేషెంటుగా: "మీరు నిలబడి ఛార్టు చూస్తూ అడిగినప్పుడు, నడకలో జరిగింది చెప్తే నవ్వుతారేమో అనిపించింది. కర్ర తెచ్చి నా చేతికి అందేలా పెట్టినప్పుడు చెప్పొచ్చు అనిపించింది." టీచరు ఎంత చెప్పినా ఈ రెండు వాక్యాలంత లోతుగా దిగవు. సలహాలు ఇవ్వడం పాత్రధారి పని కాదని ముందే చెప్పి ఉంచుతాం.

కారణం తెలిశాక ఏం మార్చొచ్చు? ఇక్కడ హద్దులు నేర్పాలి. మాత్ర వేళను స్టూడెంటు తనంతట తాను జరపకూడదు. బరువు 0.8 కిలో పెరిగిన పేషెంటు మాత్ర వద్దంటున్నారన్న సంగతి సీనియర్ నర్సుకు, డాక్టరుకు వెంటనే చేరాలి. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడి నడకను మాత్రకు ముందుకు గానీ, 11 దాటాక గానీ జరపమని అడగొచ్చు. యూరినల్ చేతికందేలా పెట్టొచ్చు. నడిచే దారిలో టాయిలెట్ ఎక్కడుందో ముందే చూపించొచ్చు. ఇవన్నీ ఆయనతో చెప్పి, ఏది కుదురుతుందో ఆయన్నే అడగాలి. యూరినల్ అంటే కొందరికి ఇంకా సిగ్గు. మనకు తోచిన పరిష్కారాన్ని ఆయన నెత్తిన పెడితే మొదటికే వచ్చినట్టు.

ఇక రెండో విడత. పది నిమిషాల విరామం తర్వాత అదే సీనారియో, అదే మాత్ర, అదే "ఇవాళ వద్దమ్మా". కారణం మాత్రం మార్చేస్తాం. ఈసారి పక్క బెడ్ ఆయన ఈ మాత్ర వాడితే కిడ్నీలు పోతాయని చెప్పాడు. మొదటి జవాబును గుర్తుపెట్టుకున్న స్టూడెంటు గదిలోకి అడుగుపెడుతూనే యూరినల్ తీసి మంచం మీద పెడుతుంది. పేషెంటు అయోమయంగా చూస్తాడు. ఈ రెండో విడత లేకపోతే స్టూడెంట్లు నేర్చుకునేది ఒక పేషెంటు కథ మాత్రమే, అడగడం కాదు. సమయం ఎంత తక్కువున్నా దీన్ని మేం వదలం.

మనిషి ఇష్టాన్ని గౌరవించడమంటే అన్నిటికీ సరే అనడమన్న అపోహ కూడా పోవాలి. దానికి మరో సీనారియో, ఇది మానికిన్‌తో. మాట మధ్యలో శ్వాస 28కి పెరుగుతుంది, సాచురేషన్ 89కి పడుతుంది. అప్పుడు కబుర్లు ఆపి తల వైపు ఎత్తి కూర్చోబెట్టాలి, సహాయానికి పిలవాలి, ఆర్డరు ప్రకారం ఆక్సిజన్ పెట్టాలి. కానీ ఒక్క గొంతు పేషెంటుతోనే ఉండాలి: "మాస్క్ పెడుతున్నాను, డాక్టరు వస్తున్నారు, నేనిక్కడే ఉన్నాను." చేతులన్నీ పనిలో పడితే ఆ గొంతు ఆగిపోతుంది. అందుకే ఆ పనిని ముందే ఒకరికి పేరుపెట్టి అప్పగించడం అలవాటు చేయిస్తాం.

సిమ్యులేషన్ క్లినికల్ పోస్టింగ్‌కు ఎంతవరకు ప్రత్యామ్నాయం అన్న ప్రశ్న తరచూ వస్తుంది. అమెరికాలో 2014లో వెలువడిన జాతీయ సిమ్యులేషన్ అధ్యయనం, క్లినికల్ గంటల్లో సగం వరకు సిమ్యులేషన్ పెట్టినా ఫలితాలు తగ్గలేదని చూపింది. శిక్షణ పొందిన టీచర్లు, పద్ధతి ప్రకారం జరిగే డీబ్రీఫింగ్ ఉన్నచోట వచ్చిన ఫలితం అది. బొమ్మ కొని మూలన పెట్టినంత మాత్రాన వచ్చేది కాదు. గదిలో నేర్చుకున్నది వార్డుకు చేరాలంటే రెండింటి మధ్య వారం కన్నా ఎడం ఉండకూడదన్నది మా అభిప్రాయం.

వార్డులో ఒక షిఫ్టుకు ఒక స్టూడెంటుకు ఒకే పేషెంటును ఇస్తాం. ఫైలు మొత్తం చదివాక మనిషిని చూస్తే జబ్బే కనిపిస్తుంది. అలాగని ఏమీ తెలియకుండా వెళ్లడం ప్రమాదం. కాబట్టి ముందు నాలుగు సంగతులే చెబుతాం: అలర్జీలు, ఇన్ఫెక్షన్ జాగ్రత్తలు, పడిపోయే ప్రమాదం, నోటి ద్వారా ఏమైనా ఇవ్వొచ్చా లేదా. తర్వాత పేరు, తాను స్టూడెంటునన్న సంగతి చెప్పుకోవాలి. స్టూడెంటు వద్దనే హక్కు పేషెంటుకు ఉంది, ఆ మాట అడిగి తీరాలి. పేరు చెప్పుకోవడం చిన్న విషయం అనుకుంటారు. కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ డాక్టరు క్యాన్సర్ పేషెంటుగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు తన దగ్గరికొచ్చే సిబ్బంది చాలామంది పేరైనా చెప్పడం లేదని గమనించి 2013లో దాని మీద ఉద్యమమే నడిపారు. ఆ తర్వాత, మిమ్మల్ని ఎలా పిలవమంటారని అడగాలి. తాతా అనో, బెడ్ నంబరుతోనో పిలిచే అలవాటు అక్కడే ఆగుతుంది.

అడగాల్సినవి మూడు: ఇవాళ మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి, ఇంటి దగ్గర మీ నిద్ర, స్నానం ఎలా జరుగుతాయి, ఇక్కడ మీకు దిగులు పుట్టిస్తున్నది ఏమిటి. పదిన్నరలోగా వీటిలో ఒక్కదాని ఆధారంగా కేర్ ప్లాన్‌లో ఒక్క మార్పు ప్రతిపాదించాలి. బంధువులు పక్కనుంటే వాళ్ల ముందు మాట్లాడొచ్చా అని పేషెంటునే, చాటుగా, ముందుగా అడగాలి.

"టైమెక్కడుంది?" అనేది వార్డు సిబ్బంది మాట. న్యాయమైన మాటే. కాబట్టి సంభాషణకు విడిగా సమయం అడగకుండా, చేతి పనిలో కలిపేయడం నేర్పిస్తాం. అయితే ఏ పనిలో కలపాలో తెలియాలి. బీపీ చూసేటప్పుడు కుదరదు. అంతకుముందు ఐదు నిమిషాలు పేషెంటు ప్రశాంతంగా కూర్చోవాలి, కొలిచేటప్పుడు మాట్లాడితే రీడింగు పెరుగుతుంది. స్పాంజ్ బాత్ దీనికి చక్కగా కుదురుతుంది. మొదలుపెట్టే ముందు ఏ భాగం మీరు తుడుచుకుంటారని అడిగి, తడి గుడ్డ చేతికిస్తాం. నీళ్లు 40 నుంచి 43 డిగ్రీలు, పేషెంటు చేతికి తగిలించి సరిపోయిందా అని అడిగాకే ముందుకు. కళ్లు సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి గుడ్డలో వేరే కొస. ఒక సమయంలో ఒక చెయ్యో కాలో మాత్రమే దుప్పటి తీయాలి, తుడిచి ఆరబెట్టి కప్పేశాకే ఇంకోటి. వీపు తుడిచేటప్పుడు పేషెంటు మొహం అవతలికి ఉంటుంది. ఎదురుగా చెప్పలేని మాటలు అప్పుడే బయటికొస్తాయి. నర్సింగ్ చేసినవాళ్లకు ఇది తెలుసు. స్టూడెంట్లకు మాత్రం ఎవరో చెప్పాలి, లేకపోతే ఆ సమయాన్ని తమలో తాము మాట్లాడుకోవడానికి వాడేస్తారు.

డిశ్చార్జ్ సమయంలో "అర్థమైందా?" అని అడగనివ్వం. దానికి జవాబు ఎప్పుడూ అవుననే. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, బరువు ఎంత పెరిగితే మాకు ఫోన్ చేస్తారో ఒకసారి చెప్పండి" అనాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు అని ఆయన నోట వస్తేనే చెప్పినట్టు.

పరీక్షకు ఓస్కీ (ఒక్కో చోట ఒక్కో పని చేయించి, ముందే రాసుకున్న అంశాల ప్రకారం మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్ష) పద్ధతే, 1975లో రొనాల్డ్ హార్డెన్ పరిచయం చేసినప్పటి నుంచి అందరూ వాడుతున్నది. చిక్కు చెక్‌లిస్టుతోనే. కళ్లలోకి చూసిందా, నవ్విందా అని రాస్తే స్టూడెంట్లు అవే చేస్తారు. వాటి బదులు మూడు అంశాలు పెట్టాం: కారణం కనుక్కుందా, దానివల్ల ఏం మార్చింది లేదా ఎవరికి చెప్పింది, ఆ మార్పును పేషెంటు ఒప్పుకున్నారా. నాలుగోది పాత్రధారి నింపుతారు: "నా అసలు ఇబ్బంది ఈమెకు తెలుసు", అవును లేదా కాదు. నవ్వకపోయినా ఈ నాలుగూ సాధించిన స్టూడెంటు పాసవుతుంది.

మార్పు ఒక షిఫ్టుతో పోకుండా ఉండాలంటే రాతలోకి, హ్యాండోవర్‌లోకి ఎక్కాలి. అప్పగింతలో పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అని ఎస్‌బార్ వరుస ఎలాగూ ఉంటుంది. దాని ముందు ఒక్క వాక్యం చేర్పిస్తాం, పేషెంటుకు ఏది ముఖ్యమో అది. ఇక ఛార్టులో "మాత్ర నిరాకరించారు, కౌన్సెలింగ్ చేశాం" అన్నదాన్ని తిరిగి రాయిస్తాం. సరిచేశాక ఇలా ఉంటుంది: "8:05కు ఫ్యూరోసిమైడ్ 40 మి.గ్రా. వద్దన్నారు. నిన్న నడకలో మూత్రం ఆపుకోలేకపోయానని, మళ్లీ అలా జరుగుతుందని భయంగా ఉందని చెప్పారు. బరువు 71.4 కిలోలు, నిన్నటికన్నా 0.8 ఎక్కువ. సీనియర్ నర్సుకు, డాక్టరుకు 8:15కు తెలిపాం. ఫిజియోథెరపిస్టు ఒప్పుకున్నాక నడక 11:30కు మార్చాం, పేషెంటు సరేనన్నారు. యూరినల్, కాలింగ్ బెల్, చేతికర్ర కుడి చేతికి అందేలా పెట్టాం. 8:30కు మాత్ర వేసుకున్నారు."